తొమ్మిది రూపాయల తేడా

అనంతపురం,
ఆదివారం సాయంత్రం

చిన్నీ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను సరిగ్గా మాట్లాడలేదు. పది దాటింది, మీ అత్త అప్పుడే మాత్ర వేసుకుని పడుకుంది. నేను వరండాలోకి వచ్చి గొంతు తగ్గించి "ఏం కాదులే, అన్నీ సర్దుకుంటాయి" అని పెట్టేశాను. పెట్టేశాక నాకే సిగ్గనిపించింది. నీ వయసులో నాతో ఎవరైనా ఆ మాట అనుంటే ఫోన్ విసిరికొట్టేవాణ్ణి. అప్పట్లో మా ఇంట్లో ఫోనే లేదనుకో. అందుకే ఇప్పుడు కాగితం తీశాను. ఫోన్లో అయితే "సరే మామా, సరే మామా" అంటూ వింటావు, ఉత్తరమైతే రెండోసారి చదువుతావు.

నాకు అర్థమైనంత వరకు నీ గొడవ ఇది. ఏప్రిల్‌తో ఫైనలియర్ అయిపోతుంది. నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌కు పంపిస్తానని మీ నాన్న. బీఈడీ చెయ్యి, టీచరైతే సంబంధాలూ బాగా వస్తాయని మీ అమ్మ. బెంగళూరు పోయి ఏదో కోర్సులో చేరదాం రా అని నీ రూమ్మేటు. ఏఐ వచ్చాక ఏ ఉద్యోగమూ మిగలదని రోజుకో వీడియో చూపించే ఇంకో పిల్ల. ఊరికి పోతే "ఏం చేస్తాండావమ్మా" అని అడిగే చుట్టాలు. వీళ్లందరి మధ్య నీకేం కావాలో నీకే తెలియడం లేదు. తెలియకపోవడమే ఏదో నేరమైనట్టు టెన్షన్.

తెలియడానికి అసలు నువ్వేం చూశావని? బ్యాంకు, టీచరు, సాఫ్ట్‌వేరు, గ్రూప్స్. నాలుగూ పేర్లే. ఆ పేరున్న మనిషి పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చుని ఏం చేస్తాడో నువ్వు ఒక్క రోజన్నా దగ్గరుండి చూడలేదు. మీ అమ్మ చీర కొనడానికి పోతే కొంగు, అంచు, లోపలి మడత అన్నీ విప్పించి, షాపువాడు విసుక్కునేదాకా చూస్తుంది. ముప్పై ఐదేళ్లు కట్టుకోవాల్సిన చీరను మాత్రం బొమ్మకు కట్టింది చూసి ప్యాక్ చేయమంటున్నారు నిన్ను.

నా సంగతి చెప్తాను. మీ తాతకు నన్ను లాయరును చేయాలని ఉండేది. నేను 1984లో బీఎస్సీ అయ్యాక రెండేళ్లు ఏ పనీ లేకుండా తిరిగాను. గ్రామీణ బ్యాంకు పరీక్ష రాసింది బ్యాంకు మీద ప్రేమతో కాదు. స్నేహితుడొకడు రెండు అప్లికేషన్లు తెచ్చి ఒకటి నా మీద పడేశాడు. నాకొచ్చింది, వాడికి రాలేదు. 1986లో క్లర్కు-కమ్-క్యాషియరుగా ఒక పల్లెటూరి బ్రాంచిలో చేరాను. మొదట్లో రోజూ రాజీనామా చేద్దామనే అనుకునేవాణ్ణి. ఒకసారి వేరుశనగ బుడ్డల సీజన్ రద్దీలో ఎవరికో ఐదు వందలు ఎక్కువిచ్చేశాను. క్యాషు తక్కువైతే క్యాషియరే కట్టాలి. జీతంలో పెద్ద ముక్కే పోయింది. మీ అమ్మకు అప్పటికింకా పెళ్లి కాలేదు, ఆ నెల ఇంటికి డబ్బు పంపలేదని అలిగింది. ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఆ బ్రాంచిలోనే ఒక సాయంత్రం లెక్క టాలీ కాలేదు. తేడా 9 రూపాయలు. అప్పుడు కంప్యూటర్లు లేవు, మోకాలెత్తు లెడ్జర్లు. తేడా దొరికేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. కరెంటు పోయింది. పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని, పురుగులు తోలుకుంటూ గంటసేపు వెతికాం. నాకు ఆఖరి బస్సు దిగులు. "తొమ్మిది రూపాయలేగా సార్, నా జేబులోంచి వేసేస్తా, పోదాం పదండి" అన్నాను. మా సీనియర్ క్లర్కు కళ్లద్దాల పైనుంచి చూసి, "తొమ్మిదితో తెగుతాదా, లేదా?" అన్నాడు. శేషం లేకుండా భాగం పోతుందా అని ఆయన అడిగింది. నాకు అర్థం కాలేదు. "తేడా తొమ్మిదితో తెగిందంటే చాలావరకు ఎక్కడో రెండంకెలు తిరగబడి ఉంటాయబ్బాయ్. 54 రాయాల్సిన చోట 45. అన్నీ వెతకాల్సిన పన్లేదు, ఆ జంటల్నే చూడు." చూశాం. ఇరవై నిమిషాల్లో దొరికింది. 376 వేయాల్సిన చోట 367 వేసింది నేనే. బస్సు వెళ్లిపోయింది, ఆ రాత్రి బ్రాంచిలో బల్ల మీదే పడుకున్నాను. సంతోషంతో నిద్ర పట్టలేదంటే నమ్ముతావా?

ఈ పని నాకు నచ్చిందని నాకు తెలిసింది ఆ రాత్రే, చేరిన ఎనిమిది నెలలకు. ముందు ఇష్టమేదో కనుక్కో, తర్వాత పని వెతుక్కో అంటారు మీ వీడియోల్లో. నా విషయంలో అవి తిరగబడ్డాయి, ఆ అంకెల్లాగే.

ఇప్పుడు నీ సంగతి. మొదటేడాది అయ్యాక మీ కాలేజీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టారు గుర్తుందా? మీ క్లాసులో సగంమంది జిరాక్స్ షాపులో తయారు రిపోర్టు కొనుక్కుని పేరు మార్చి ఇచ్చారని నువ్వే చెప్పావు. నువ్వు మాత్రం కోడుమూరు వైపు ఏదో ఊళ్లో సర్వే ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగావు. అరవై ఇళ్లకు అరవై ఒక్క ఫారాలు వచ్చాయని, ఆ ఒక్కటి ఎక్కడిదో తెలియక మళ్లీ ఎండలో బస్సెక్కి పోయావు. తీరా చూస్తే ఒకే ఇంటి నంబరు మీద అన్నదమ్ములిద్దరూ వేరుపడి ఉన్నారు. "ఒకే గడప, రెండు పొయ్యిలు మామా" అన్నావు. ఆ సంగతి నాకు అరగంటసేపు చెప్పావు. ఈ మూడేళ్లలో నీ చదువు గురించి అంతసేపు చెప్పింది అదొక్కసారే. నాకా తొమ్మిది రూపాయలు గుర్తొచ్చాయి. లెక్క కుదరకపోతే నిద్రపట్టని జాతి మనది.

దీన్ని బట్టి నువ్వు బ్యాంకులోనే చేరాలని నేను అనడం లేదు. ఇలాంటి బుద్ధికి పని దొరికే చోట్లు ఆ నాలుగు పేర్లలో లేనివి కూడా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష ఒకటుంది. అందులో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ అని ఒక పోస్టు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు రాయొచ్చు, ఏ డిగ్రీ అయినా ఇంటర్లో లెక్కల్లో 60 శాతం ఉన్నవాళ్లూ రాయొచ్చు. వాళ్ల పనేమిటి? ఊళ్లకు పోవడం, ఇళ్లలో కూర్చుని ఎంత ఖర్చు పెడుతున్నారు, ఏం పని చేస్తున్నారు అని అడిగి రాసుకోవడం, ఆ లెక్క సరిచూడటం. నువ్వు ఉత్తపుణ్యానికి ఎండలో చేసిన పనే, దానికి జీతమిస్తారు. ఆడిటర్ పోస్టులు కూడా ఆ పరీక్షలోనే ఉంటాయి. ఇంకా చదవాలనుంటే పీజీసెట్ అనే ఎంట్రన్సు రాసి ఇక్కడ ఎస్కే యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేయొచ్చు, మా ఇంట్లోనే ఉండొచ్చు. మీ అత్త ఈ వాక్యం చదివితే నీ కోసం ఇప్పుడే గది ఖాళీ చేయిస్తుంది.

ఇక మిగతావి. డీఎస్సీ, అదే గవర్నమెంటు టీచర్ల భర్తీ పరీక్ష, దాని విషయం మీ అమ్మకు నువ్వే వివరంగా చెప్పాలి. ముందు ఎడ్‌సెట్ ఎంట్రన్సు, తర్వాత రెండేళ్ల బీఈడీ, తర్వాత టెట్ అనే అర్హత పరీక్ష, ఆపైన డీఎస్సీ ఎప్పుడొస్తే అప్పుడు. 2018 తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో బీఈడీ ముగించుకున్న పిల్లలు ప్రైవేటు స్కూళ్లలో అరకొర జీతాలకు చేస్తూ ఎదురుచూశారు. గ్రూప్-2 కూడా అంతే. 2023 డిసెంబరులో నోటిఫికేషన్ ఇచ్చారు, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగింది. చదవడం ఒక్కటే నీ చేతిలో ఉంటుంది, తారీఖు ఉండదు. బడిలో చెప్పడం నిజంగా ఇష్టమైతే ఆ ఎదురుచూపు భరించొచ్చు, సంబంధాల కోసమైతే భరించలేవు. అందుకని మీ పక్క వీధి గవర్నమెంటు హైస్కూల్లో తెలిసిన టీచరమ్మ ఉందన్నావే, ఆమెను బతిమాలి ఎనిమిదో తరగతికి ఒక్క పీరియడ్ లెక్కలు చెప్పి చూడు. వెనక బెంచీ పిల్లలు నిన్నేం చేస్తారో అదే నీకు సగం జవాబు.

నంద్యాలకు ఫీజు కట్టే ముందు ఒక ఆదివారం గడియారం ఎదురుగా పెట్టుకుని పాత పీవో, అంటే బ్యాంకు ఆఫీసరు, ప్రిలిమ్స్ పేపరు ఒకటి రాయి. వంద ప్రశ్నలు, గంట టైము, ఇంగ్లీషుకు, లెక్కలకు, రీజనింగుకు ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. తప్పుకు పావు మార్కు పోతుంది. మార్కులు ఎన్నొచ్చినా పర్వాలేదు, ఆ గంట నీకెలా గడిచిందో చూసుకో. క్లర్కుకు ఇంటర్వ్యూ ఉండదు, రాష్ట్రంలోనే ఉండొచ్చు. పీవోకు ఇంటర్వ్యూ ఉంటుంది, దేశంలో ఎక్కడికైనా వేస్తారు. పర్మనెంటు ఉద్యోగమంటే ఊరు కూడా పర్మనెంటు అనుకుంటుంది మీ అమ్మ. నువ్వు రోజూ తిరిగే కర్నూలునే చూడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, డేరాల్లో కూడా ఆఫీసులు నడిచాయి, ఎక్కడెక్కడి ఉద్యోగులో సంసారాలతో దిగారు. 1956 నవంబరుకు మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు దారి పట్టారు. నేనూ సర్వీసులో పదకొండు ఊళ్లు మారాను, ఆ మూటలు కట్టింది మీ అత్త.

బెంగళూరు సంగతి. కోర్సులో చేర్చుకునేవాణ్ణి ఏమీ అడగొద్దు, వాడు అమ్ముకునేవాడు. ఆర్నెల్ల కిందట అదే కోర్సు చేసి బయటికొచ్చిన ఇద్దరిని పట్టుకో. నాతో పనిచేసినాయన కొడుకు ఒకచోట చేరితే, కోర్సయ్యాక వాళ్లే లేని కంపెనీ పేరుతో రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేసిచ్చారు. అబ్బాయి భయపడి దాన్ని వాడలేదు, కట్టిన డబ్బూ తిరిగి రాలేదు. అందరూ ఇంతేనని కాదు. సాఫ్ట్‌వేరు పని నచ్చిన పిల్లలు మన ఇళ్లలోనే ఎంతమంది లేరు? మన పెద్దబ్బాయి అక్కడే చేస్తున్నాడు కదా, సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు రోజులు ఇంటి నుంచే పనిచేస్తాడు. ఆ రెండు రోజులూ పక్కన కుర్చీ వేసుకుని కూర్చో.

ఎవరి దగ్గరికి పోయినా "ఉద్యోగం ఎలా ఉంది అన్నా" అని మాత్రం అడగొద్దు. "ఏదో నడుస్తోంది" అంటారు, అయిపోతుంది. "నిన్న పొద్దున ఆఫీసుకు పోయినప్పటి నుంచి ఏమేం చేశావు?" అని అడుగు. నిన్నటి రోజు గురించి ఎవరూ గొప్పలు చెప్పుకోలేరు.

ఏఐ గురించి నా మాట ఒక్కటే. మా బ్రాంచికి కంప్యూటర్లు వచ్చినప్పుడు మేమూ ఇలాగే వణికాం. తొమ్మిదితో తెగే ఆ చిట్కా ఇప్పుడెవరికీ అక్కర్లేదు, మిషనే టాలీ చేస్తుంది. కానీ వానలు లేని ఏడు, పంట ఎండిపోయిన రైతు ఎదురుగా కూర్చుని "లోను తిప్పి రాయండి సారూ" అన్నప్పుడు ఏం చెప్పాలో కంప్యూటరు మాకు చెప్పలేదు. అది రిటైరయ్యేదాకా నా పనిగానే ఉండింది.

మీ నాన్నతో ఎలా మాట్లాడాలో కూడా చెప్తాను, ఎందుకంటే బావ కోపం నాకు తెలుసు. ఆయన నాలుగు బోర్లు వేశాడు. ఒక్కదాంట్లోనే నీళ్లు పడ్డాయి, అది కూడా మార్చి వస్తే బురద కక్కుతుంది. గవర్నమెంటు ఉద్యోగం అంటే ఆయన దృష్టిలో ఎండని బోరు. కాబట్టి "నాకిష్టం లేదు" అనొద్దు, ఆయనకు అది పొగరులా వినిపిస్తుంది. "మార్చి దాకా టైమివ్వు నాన్నా, నాలుగు చోట్ల చూసొచ్చి చెప్తా" అను. ఏ పరీక్షకు కూర్చున్నా ఎన్నిసార్లు రాస్తావో, ఎప్పుడు ఆపేస్తావో, ఆపాక ఏం చేస్తావో ముందే ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. నవ్వులాట కాదు. నా చిన్ననాటి స్నేహితుడొకడు గ్రూప్స్ కోసం ఎనిమిదేళ్లు చదివాడు. ఐదో ఏటే వాడికి విసుగొచ్చింది, ఆపమని చెప్పేవాళ్లు ఇంట్లో లేరు, ఆపేస్తానని చెప్పే ధైర్యం వాడికి లేదు. నీకైతే ఏడాదిన్నర చాలనుకుంటాను. బావ రెండేళ్లంటాడు, బేరమాడు.

వచ్చే వారం ఇక్కడికి రా. బ్రాంచిలో ఇప్పుడున్న మేనేజరు నా దగ్గర పని నేర్చుకున్నవాడే. పొద్దున పది నుంచి కస్టమర్ల బెంచీ మీద కూర్చోనిస్తానన్నాడు. బంగారం లోన్ల కౌంటరు వైపు కూర్చో. బంగారం నాణ్యం చూసే అప్రైజరు గీటురాయి మీద గొలుసు గీస్తుంటే, ఆ గొలుసు తెచ్చిన ఆడమనిషి మొహం చూడు. నీ పుస్తకంలో ఏమన్నా రాసుకోవాలనిపిస్తే రాసుకో, లేకపోతే ఊరికే చూడు.

శుక్రవారం రాత్రికల్లా దిగాలని టికెట్ తీసుకుంటావేమో, వద్దు. వచ్చేది రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. బుధవారమే బయల్దేరు, గురువారం పోదాం. మీ అత్త ఉగ్గాణికి బొరుగులు అప్పుడే తెచ్చిపెట్టింది.

మీ మామ