బంతి కబుర్లు: వారానికి 40 పౌండ్ల డిఫెండర్

పోయిన సంచికలో 2010 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆడిన అమెరికా జట్టు గురించి రాస్తూ జే డెమెరిట్ పేరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాను. వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఆయన గురించే అడిగాయి. గోల్ పడకుండా అడ్డుకునే డిఫెండర్ గురించి ఇంతమంది అడగడం నాకు పండగే. గోల్ కొట్టినవాడి గురించి ఎవరైనా రాస్తారు.

ప్రశ్న: కాలేజీ చదువు అయ్యాక ఒక్క అమెరికన్ క్లబ్బూ తీసుకోని కుర్రాడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఎలా ఆడాడండీ? వింటుంటే సినిమా కథలా ఉంది. అంతా అదృష్టమేనా?

సినిమా కథలా చెబుతున్నారు కాబట్టి అలా ఉంది. విస్కాన్సిన్ రాష్ట్రంలో గ్రీన్ బే అనే ఊరు. అక్కడి జనానికి ఫుట్‌బాల్ అంటే బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాలే. ప్యాకర్స్ జట్టంటే ప్రాణం పెడతారు. అలాంటి చోట 1979 డిసెంబర్‌లో పుట్టాడు డెమెరిట్. ఇల్లినాయిస్ యూనివర్సిటీ షికాగో జట్టుకు ఆడాడు. చదువయ్యాక అమెరికా పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్ఎస్) డ్రాఫ్ట్‌లో, అంటే క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే చోట, ఆయన్ని ఎవరూ ఎంచుకోలేదు.

ఇందులో ఆ లీగ్ పరిస్థితి కూడా చూడాలి. 2001 సీజన్ అయ్యాక ఫ్లోరిడాలోని రెండు క్లబ్బుల్నీ మూసేశారు. దేశం మొత్తానికి మిగిలినవి 10 జట్లు. పది జట్లలో సెంటర్ బ్యాక్‌లకు, అంటే డెమెరిట్‌లా డిఫెన్స్ మధ్యలో ఆడేవాళ్ళకు, చోటు ఎంతుంటుంది? పైగా కింది లీగ్‌లో గెలిచి పై లీగ్‌కు ఎక్కే పద్ధతి అక్కడ లేదు. ఒకసారి వద్దన్నారంటే మళ్ళీ కంటపడటానికి దారే ఉండదు.

2003లో 1,800 డాలర్లు జేబులో పెట్టుకుని లండన్ వెళ్ళాడు. తెలిసినవాళ్ళ ఇంట్లో అటక మీద మకాం. సౌతాల్ అనే క్లబ్‌కు వారానికి 40 పౌండ్లకు ఆడాడు. ఇంగ్లండ్‌లో లీగులు ఒకదాని కింద ఒకటి ఉంటాయి, సౌతాల్‌ది తొమ్మిదో అంచె. ఆ 40 పౌండ్లతో లండన్‌లో ఎవరూ బతకలేరు. కానీ ఆ అంచెలో ఆడేవాడు కూడా పై క్లబ్బుల కంటపడే అవకాశం ఆ వ్యవస్థలోనే ఉంది. సీజన్ మొదలయ్యే ముందు పెద్ద క్లబ్బులు చుట్టుపక్కల చిన్న క్లబ్బులతో ప్రాక్టీస్ మ్యాచ్‌లు ఆడతాయి. 2004 వేసవిలో డెమెరిట్ నార్త్‌వుడ్ క్లబ్ దగ్గర ఉన్నాడు. రెండో అంచెలో ఉన్న వాట్‌ఫర్డ్ అక్కడికి వచ్చి ఆడింది. మేనేజర్ రే లూయింగ్టన్‌కు ఈ కుర్రాడు నచ్చి ట్రయల్‌కు పిలిచాడు. ట్రయల్ అయ్యాక ఏడాది కాంట్రాక్ట్ ఇచ్చారు.

ఆ రోజు వాట్‌ఫర్డ్ రావడం అదృష్టమే, కాదనను. కానీ అలాంటి మ్యాచ్‌లు ప్రతి వేసవిలోనూ జరుగుతాయి. ఆ ఏడాది కాకపోతే మరుసటి ఏడాది ఇంకెవరో వచ్చేవాళ్ళు. వెతికేవాళ్ళు వచ్చే చోటుకు ముందే వెళ్ళి నిలబడ్డాడు. అందుకే దీన్ని వట్టి అదృష్టం అంటే నేను ఒప్పుకోను.

ప్రశ్న: అమెరికన్‌కు ఇంగ్లండ్‌లో ఆడటానికి వర్క్ పర్మిట్ దొరకడం చాలా కష్టమని మా అన్నయ్య అంటాడు. మరి ఈయనకు ఎలా దొరికింది?

మీ అన్నయ్య కరెక్ట్. ఈ కథ చెప్పేవాళ్ళందరూ దాటేసే భాగం ఇదే. అసలు కీలకం ఇదేనని నా అభిప్రాయం.

అప్పటి రూలు ప్రకారం యూరోపియన్ యూనియన్ బయటి ఆటగాడు ఇంగ్లండ్‌లో ఆడాలంటే, గత రెండేళ్ళలో తన జాతీయ జట్టు ఆడిన ముఖ్యమైన మ్యాచ్‌లలో 75 శాతం ఆడి ఉండాలి. ఆ జట్టు ర్యాంకింగ్‌లో మొదటి 70లో ఉండాలి. 2004లో డెమెరిట్ అమెరికా తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ లెక్కన వాట్‌ఫర్డ్ గేటు దగ్గరికి కూడా రాలేడు. ఆయన్ని దాటించింది తాతగారు. తాత వైపు డెన్మార్క్ మూలాలు ఉండటంతో యూరప్‌లో పని చేసుకునే హక్కు వచ్చింది. డెన్మార్క్ యూనియన్‌లో ఉంది, అప్పట్లో బ్రిటన్ కూడా ఉంది.

ఆయనకున్నంత ఆట ఉండి, డెన్మార్క్ తాత లేని అమెరికన్ కుర్రాళ్ళు ఆ రోజుల్లో ఎంతమంది ఉండి ఉంటారో ఆలోచించండి. పట్టుదల ఉంటే చాలు అని చెప్పేవాళ్ళు ఈ కాగితాన్ని మర్చిపోతారు.

ఇప్పుడైతే ఆ తాత ఉన్నా లాభం లేదు. బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ పౌరులకు కూడా పాయింట్ల పద్ధతి పెట్టారు. జాతీయ జట్టు మ్యాచ్‌లు, ఆడిన లీగ్ స్థాయి, క్లబ్ ప్రదర్శన, ఇవన్నీ కలిపి పాయింట్లు రావాలి. ఇవాళ 24 ఏళ్ళ డెమెరిట్ లండన్ చూసి రావచ్చు కానీ, జీతం తీసుకుని సౌతాల్‌కు ఆడలేడు.

ప్రశ్న: 2006లో వాట్‌ఫర్డ్‌ను ప్రీమియర్ లీగ్‌కు చేర్చిన మ్యాచ్ "ఆయన జీవితంలో పెద్ద రోజు" అంటారు. అందులో ఏం జరిగింది?

వాట్‌ఫర్డ్ ఆ సీజన్‌లో కింది లీగ్‌కు పడిపోతుందని చాలామంది జోస్యం చెప్పారు. మేనేజర్ ఏడీ బూత్‌రాయిడ్‌కు అప్పటికి నలభై కూడా లేవు. అలాంటి జట్టు మూడో స్థానంలో నిలిచింది. అప్పటి పద్ధతిలో మొదటి రెండు జట్లు నేరుగా ప్రీమియర్ లీగ్‌కు వెళ్ళేవి, మూడు నుంచి ఆరు దాకా ఉన్నవి ఒక్క చోటు కోసం ప్లే ఆఫ్ ఆడేవి. లండన్‌లో కొత్త వెంబ్లీ స్టేడియం ఇంకా కడుతున్నారు కాబట్టి 2006 మే 21న ఫైనల్ వేల్స్‌లోని కార్డిఫ్‌లో పెట్టారు. ఎదురుగా లీడ్స్ యునైటెడ్, 60 వేలకు పైగా జనం. గెలిచిన జట్టుకు టీవీ హక్కుల రూపంలో కోట్ల పౌండ్లు.

25వ నిమిషంలో ఆష్లీ యంగ్ కార్నర్ కొట్టాడు. డెమెరిట్ పరుగున వచ్చి, ఎగిరి హెడర్‌తో, అంటే తలతో, లోపలికి కొట్టాడు. చివరికి వాట్‌ఫర్డ్ 3-0తో గెలిచింది. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కూడా ఆయనే. హెడర్ అందరికీ గుర్తుంటుంది, నాకైతే రెండో వైపు ఉన్న సున్నా ఎక్కువ ఇష్టం.

ప్రీమియర్ లీగ్‌లో మాత్రం వాట్‌ఫర్డ్ అట్టడుగున నిలిచి ఒక్క ఏడాదికే కిందికి దిగిపోయింది. అయినా డెమెరిట్‌కు జాతీయ జట్టు నుంచి పిలుపు వచ్చింది ఆ సీజన్‌లోనే, 2007 మార్చిలో. తర్వాత క్లబ్ కెప్టెన్ కూడా అయ్యాడు.

ప్రశ్న: ఆయనకు కంటి ఆపరేషన్ జరిగిందని ఎక్కడో విన్నాను. నిజమేనా?

నిజమే. 2009లో కాంటాక్ట్ లెన్స్ వల్ల కంటికి ఇన్ఫెక్షన్ వచ్చి, కార్నియా మార్పిడి చేయాల్సి వచ్చింది. గాలిలోంచి వచ్చే బంతి ఎక్కడ పడుతుందో రెప్పపాటులో అంచనా వేయడమే సెంటర్ బ్యాక్ పని. దానికి కళ్ళే ఆధారం. కొన్ని నెలలు ఆటకు దూరమయ్యాడు. మరుసటి ఏడాది జూన్‌లో ప్రపంచ కప్‌లో అమెరికా ఆడిన నాలుగు మ్యాచ్‌లలోనూ మొదటి పదకొండు మందిలో ఉన్నాడు.

ప్రశ్న: ఆ ప్రపంచ కప్‌లో అమెరికా ఘానాతో ఓడిపోయింది డెమెరిట్ వల్లే కదా? ఆ గోల్ ఎలా వదిలేశాడు?

కాస్త నిదానించండి. ఆ మ్యాచ్‌లో అమెరికా మీద రెండు గోల్స్ పడ్డాయి. మొదటిది 5వ నిమిషంలో. మధ్య మైదానంలో అమెరికా ఆటగాడు రికార్డో క్లార్క్ బంతి పోగొట్టుకున్నాడు, ఘానా ఆటగాడు కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ నేరుగా డిఫెన్స్ మీదికి వచ్చేశాడు. అలాంటప్పుడు డిఫెండర్ ముందుకు దూకితే పక్కనుంచి దాటేస్తాడు, వెనక్కి జరిగితే షాట్‌కు చోటు దొరుకుతుంది. డెమెరిట్ వెనక్కి జరిగాడు, షాట్ పడింది. ఒక అడుగు ముందుండాల్సిందని నేనూ అంటాను. కానీ బంతి పోయింది ఆయన దగ్గర కాదు.

రెండోది అదనపు సమయం మొదలైన కాసేపటికే. వెనకనుంచి పొడుగ్గా వచ్చిన బంతిని ఘానా ఆటగాడు అసమోవా జ్యాన్ ఛాతీతో దించుకున్నాడు. అమెరికా డిఫెండర్ కార్లోస్ బొకనెగ్రా భుజం తగిలించినా తూలలేదు. డెమెరిట్ చేరుకునేలోపే ఎడమ కాలితో కొట్టేశాడు. దీన్ని నేను జ్యాన్ గొప్పతనం కిందే వేస్తాను. ప్రతి గోల్‌కూ ఒక డిఫెండర్‌ను బోనెక్కించడం మన అలవాటు. కొన్ని గోల్స్ కొట్టినవాడివే.

ప్రశ్న: డెమెరిట్, స్టీవ్ చెరుండోలో ఇద్దరూ ఆ జట్టు డిఫెన్స్‌లో పక్కపక్కనే ఆడారు. ఎవరు గొప్ప?

ఆటగాడిగా అయితే నా ఓటు చెరుండోలోకే, ఆలోచించే పని కూడా లేదు. డెమెరిట్ అభిమానులు కోప్పడినా సరే. చెరుండోలో 1999లో పోర్ట్‌లాండ్ యూనివర్సిటీ నుంచి జర్మనీలో హానోవర్ 96కు వెళ్ళాడు. అప్పుడా క్లబ్ రెండో డివిజన్‌లో ఉంది. 2002లో జట్టుతోపాటు మొదటి డివిజన్ అయిన బుండెస్‌లీగాకు ఎక్కాడు. 2014లో రిటైరయ్యే దాకా మరో క్లబ్ గడప తొక్కలేదు. రైట్ బ్యాక్‌గా బుండెస్‌లీగాలో 300కు పైగా మ్యాచ్‌లు, అమెరికాకు 87. అక్కడి జనం "హానోవర్ మేయర్" అని పిలుచుకున్నారు.

నాకు ఆయనలో గొప్పగా కనిపించేది 2009 నవంబర్ తర్వాతి కాలం. జట్టు గోల్ కీపర్ రాబర్ట్ ఎంకె డిప్రెషన్‌తో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ సీజన్‌లో జట్టు కుప్పకూలింది, చివరి రోజు బోఖుమ్ మీద గెలిచి బయటపడింది. మరుసటి సీజన్‌లో అదే జట్టు, చెరుండోలో కెప్టెన్‌గా, నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్‌గా మారాక 2022లో లాస్ ఏంజెలెస్ ఎఫ్‌సీకి ఎంఎల్ఎస్ కప్ కూడా తెచ్చిపెట్టాడు. ఇంత చేసినా ఆయన కథ ఎవరూ చెప్పుకోరు. ఒకే చోట పదిహేనేళ్ళు నిలకడగా ఆడినవాడి కథలో మలుపులు తక్కువ కదా!

ప్రశ్న: ఇప్పటి అమెరికన్ డిఫెండర్లలో మీకు నచ్చేదెవరు?

ఇంగ్లండ్ క్లబ్ ఫుల్హమ్‌లో ఆడిన ఆంటనీ రాబిన్సన్. పుట్టింది ఇంగ్లండ్‌లోనే, మిల్టన్ కీన్స్‌లో. అందుకే పర్మిట్ గొడవ లేదు. 2020 జనవరిలో ఏసీ మిలాన్‌కు వెళ్ళబోతుండగా మెడికల్ పరీక్షలో గుండె లయ తేడాగా ఉందని తేలి డీల్ ఆగిపోయింది. చికిత్స చేయించుకుని, ఆ ఆగస్టులోనే విగన్ నుంచి ఫుల్హమ్‌కు మారాడు. 2024-25 ప్రీమియర్ లీగ్ సీజన్‌లో లెఫ్ట్ బ్యాక్‌గా ఉంటూ 10 గోల్స్‌కు పాస్‌లు ఇచ్చాడు. మైదానం అంచుల్లో దాడి చేసే వింగర్లలో కొందరికి కూడా అన్ని రాలేదు.

అలబామా కుర్రాడు క్రిస్ రిచర్డ్స్ కూడా ఉన్నాడు. బయర్న్ మ్యూనిక్ ద్వారా వచ్చి, 2025లో మాంచెస్టర్ సిటీని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచిన క్రిస్టల్ ప్యాలెస్ డిఫెన్స్‌లో ఆడాడు. జర్మనీ మీదుగా రావడానికి ఒక కారణం ఉంది. 2006 నుంచి బుండెస్‌లీగాలో యూరోపియన్ యూనియన్ బయటి ఆటగాళ్ళు ఇంతమందే ఉండాలన్న పరిమితి లేదు.

ప్రశ్న: ఎప్పుడూ మగవాళ్ళ గురించేనా? అమెరికన్ అమ్మాయిలు యూరప్‌లో ఆడటం లేదా?

మొట్టికాయ న్యాయమైనదే. నయోమి గిర్మాను 2025 జనవరిలో ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ సుమారు 11 లక్షల డాలర్లకు కొన్నది. మహిళల ఫుట్‌బాల్‌లో పది లక్షల డాలర్లు దాటిన మొదటి బదిలీ అదే, అదీ ఒక సెంటర్ బ్యాక్ కోసం. ఆర్సెనల్‌లో ఎమిలీ ఫాక్స్ ఉంది, 2025 మేలో లిస్బన్‌లో బార్సిలోనా మీద గెలిచి ఛాంపియన్స్ లీగ్ అందుకుంది. అమెరికా లీగ్ డ్రాఫ్ట్‌లో ఫాక్స్ 2021లో, గిర్మా 2022లో మొదటి స్థానంలో ఎంపికైనవాళ్ళు. డెమెరిట్‌ను అసలు పట్టించుకోని డ్రాఫ్ట్ మగవాళ్ళది, అది వేరు. మహిళల లీగ్ అయితే 2024లో ఆ పద్ధతినే ఎత్తేసింది.

ప్రశ్న: డెమెరిట్ అమెరికాకు మొత్తం ఎన్ని గోల్స్ కొట్టాడు? వాట్‌ఫర్డ్ తర్వాత ఏమయ్యాడు?

రెండోది ముందు చెబుతాను. 2010లో వాట్‌ఫర్డ్ వదిలాక, ఎంఎల్ఎస్‌లోకి కొత్తగా అడుగుపెడుతున్న వాంకూవర్ వైట్‌క్యాప్స్ ఆయన్ని తన మొదటి ఆటగాడిగా తీసుకుని కెప్టెన్సీ ఇచ్చింది. ఒకప్పుడు వద్దన్న లీగే. 2014లో అక్కడే రిటైరయ్యాడు.

ఇక గోల్స్ సంగతి. 25 మ్యాచ్‌లు, సున్నా. కావాలంటే ఇంకో లెక్క చూడండి. 2009 జూన్ 24, దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటీన్, ఖండాల విజేతలు ఆడే కాన్ఫెడరేషన్స్ కప్ సెమీఫైనల్. స్పెయిన్ అప్పటికి 35 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగదు, వరసగా 15 గెలిచి ఉంది. ముందు వరసలో డేవిడ్ వీయా, ఫెర్నాండో టోరెస్. వాళ్ళకు ఎదురుగా డెమెరిట్, ఓగుచి ఒన్యేవు. అమెరికా 2, స్పెయిన్ 0.