ముక్కు ఆపరేషన్ తర్వాత మళ్లీ మూసుకుపోతోందా? షాపు చుక్కలు ఆపండి

ప్రశ్న: నా వయసు 34. ముక్కు దూలం వంకరగా ఉందని పది రోజుల క్రితం ఆపరేషన్ చేశారు. ఏడో రోజు స్ప్లింట్లు (దూలం కదలకుండా ముక్కు లోపల పెట్టిన పలకలు) తీశాక గాలి హాయిగా ఆడింది. ఆ రాత్రి నుంచే మళ్లీ రెండు వైపులా మూసుకుపోయింది. మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చుకుని రోజుకు ఐదారుసార్లు వేసుకుంటున్నా తెరుచుకోవడం లేదు. నిన్నటి నుంచి నొప్పి పెరిగింది, ఒళ్లు వెచ్చగా ఉంది. త్వరగా మానాలంటే ఏం తినాలి? వంకాయ, గోంగూర తినొచ్చా? ఆవిరి పట్టొచ్చా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తిండి సంగతి తర్వాత చూద్దాం. నొప్పి, ఒంటి వేడి గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు. నాకు టెన్షన్ దాని గురించే.

ఈ ఆపరేషన్ తర్వాత నొప్పి రోజురోజుకీ తగ్గాలి, పదో రోజున పెరగకూడదు. దూలం మీది పొర కింద రక్తం నిలిచి గడ్డకట్టినా, చీము పట్టినా ఇలాగే రెండు వైపులా బిగుసుకుపోతుంది. ఆ వాపు చుక్కలకు తగ్గదు. దూలం లోపలి మృదులాస్థికి (మెత్తటి ఎముకకు) సొంత రక్తనాళాలు ఉండవు, ఆ పొర నుంచే పోషణ అందాలి. పొర విడిపోతే కొద్ది రోజుల్లోనే అది దెబ్బతిని ముక్కు మధ్యలో కుంగిపోవచ్చు. మీకు జరిగింది అదేనని చూడకుండా చెప్పలేను. మామూలు వాపు, పక్కులే కావచ్చు. అయినా ఈ రోజే మీ సర్జన్‌కు చూపించండి. ఆయన దొరక్కపోతే దగ్గర్లోని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ వేసి చూద్దామనుకోవద్దు. గడ్డ ఉంటే డాక్టరు తీయాల్సిందే.

ఇక ఆ చుక్కలు. పేరు రాయలేదు గానీ, షాపుల్లో ఎక్కువగా ఇచ్చేవి ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ రకాలు. ఇవి ముక్కులోని రక్తనాళాలను బిగిస్తాయి కాబట్టి నిమిషాల్లో గాలి ఆడుతుంది. ప్రభావం తగ్గగానే నాళాలు మళ్లీ ఉబ్బుతాయి, మళ్లీ సీసా మీదికి చెయ్యి పోతుంది. మేం రాసినా మూడు నుంచి ఐదు రోజులకు మించి రాయనిది ఇందుకే. బీపీ ఉన్నవాళ్లకైతే మరీ జాగ్రత్త కావాలి. ఆపరేషన్ ఫెయిలైందని బాధపడుతూ వచ్చేవాళ్లలో, దూలం నిటారుగానే ఉండి, చుక్కల అలవాటుతో లోపలి పొర వాచిపోయినవాళ్లను చూస్తుంటాను. మీవి మూడు రోజులే కాబట్టి చెయ్యి దాటలేదు. షాపులో అడిగే బదులు డాక్టర్‌కు ఒక్క ఫోన్ చేసి ఉండాల్సింది కదండీ! ఈ మూడు రోజులూ కలిసొచ్చేవి.

డాక్టర్ చూసి పర్వాలేదంటే సెలైన్‌తో, అంటే ఉప్పు నీళ్లతో, ముక్కు కడుక్కోండి. ఇంట్లో కలుపుకుంటే కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి. పక్కులు నాని వాటంతటవే వస్తాయి, వేలు పెట్టి లాగొద్దు. ముక్కు చీదొద్దు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. రెండు దిండ్లు వేసుకుని పడుకుంటే ముక్కులో బరువు తగ్గినట్టుంటుంది. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ సొంతంగా వేసుకోవద్దు, రక్తం కారొచ్చు. వేడి ఆవిరి కూడా ఇప్పుడు వద్దు. వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందన్నది నమ్మకమే, మామూలు భోజనం చేయండి. సిగరెట్ తాగుతుంటే అది మానాలి. లోపలి వాపు పూర్తిగా దిగడానికి కొందరికి రెండు మూడు నెలలు పడుతుంది.

డాక్టర్ దగ్గరికి ఆ చుక్కల సీసా కూడా తీసుకెళ్లండి. రోజుకు ఎన్నిసార్లు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.