అంగన్‌వాడీ టీచర్‌కు సంస్కృతి, వైవిధ్యం అంటే ఏమిటి?

పండుగకు పిల్లలకు వేషాలు వేసి ఫొటో దిగడమే అనుకుంటారు చాలామంది. అది ఒక్కపూట ముచ్చట. అసలు సంగతి పిల్లలు చేరిన మొదటి వారంలోనే ఎదురవుతుంది.

మహబూబాబాద్ వైపు నేను కొత్తగా చేరినప్పుడు ఒక పాప పొద్దున్నుంచీ "యాడీ, యాడీ" అని ఒకటే ఏడుపు. ఆడుకుంటానంటోందేమో అనుకుని బొమ్మలు ముందు పెట్టాను. లంబాడీలో యాడి అంటే అమ్మ అని మా ఆయమ్మ చెప్పేదాకా నాకు తెలియదు! ఆ మాట నేను పలికాకే పాప నా ఒళ్లోకి వచ్చింది.

మన దగ్గర ఒకే గదిలో లంబాడీ, కోయ, ఉర్దూ, తెలుగు మాట్లాడే పిల్లలు కూర్చోవచ్చు. వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యా విధానం కూడా చెప్తోంది. లంబాడీకి సొంత లిపి లేదు కదా అంటారు. మూడేళ్ల పిల్లలకు లిపితో ఏం పని? పాట, కథ, లెక్కపెట్టడం చాలు. తండా నుంచి ఒక అవ్వను పిలిచి కథ చెప్పించండి, తెలుగు పిల్లలు కూడా నోరు తెరుచుకుని వింటారు.

బతుకమ్మకు తంగేడు, గునుగు పేరుస్తూ లంబాడీల తీజ్ పండుగలో మొలకెత్తించే గోధుమల గురించీ అడగండి. గుడ్డు తినని ఇంటి పిల్లను బలవంతపెట్టకండి. అన్నిటికన్నా ముందు, "తండా పిల్ల" అనకుండా పేరు పెట్టి పిలవండి.