కొన్న ఈబుక్ ఫ్రెండ్‌కి ఇవ్వడం ఎందుకు కుదరదు?

డబ్బు పెట్టి కొన్న ఈబుక్‌ని స్నేహితురాలికి చదవమని ఇవ్వబోతే యాప్ ఒప్పుకోవడం లేదని ఒకరు అడిగారు. అది యాప్ లోపం కాదండీ. చాలా స్టోర్లలో బటన్ మీద కొనమనే ఉంటుంది కానీ మన చేతికొచ్చేది చదువుకునే లైసెన్స్ మాత్రమే. అచ్చు పుస్తకమైతే కొన్నాక ఎవరికిచ్చినా అడిగేవాళ్లు లేరు. ఈబుక్ ఇవ్వడమంటే ఇంకో కాపీ పుట్టడమే కదా, అందుకే చట్టం దాన్ని వేరుగా చూస్తుంది. చదివేసిన ఈబుక్‌లను తిరిగి అమ్మిన టామ్ కాబినెట్ అనే సంస్థ కేసులో 2019లో యూరోపియన్ యూనియన్ కోర్టు ఇచ్చిన తీర్పు కూడా ఇదే దారిలో ఉంది.

2010 చివర్లో అమెజాన్ వాళ్ల కిండిల్‌లో ఈబుక్ అరువిచ్చే సదుపాయం వచ్చింది. ఒక పుస్తకాన్ని ఒక్కసారే, అదీ 14 రోజులకే ఇవ్వాల్సి ఉండేది. ఆ 14 రోజులూ కొన్నవాళ్లు దాన్ని చదవడానికి కుదిరేది కాదు. పైగా ప్రచురణకర్త ఒప్పుకున్న పుస్తకాలకే అది పనిచేసేది. లైబ్రరీలకూ తిప్పలు తప్పలేదు. 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ, లైబ్రరీ ఒక ఈబుక్‌ను 26 సార్లు ఇచ్చాక మళ్లీ కొనాల్సిందేనంది.

ఒక్క ఫైల్ వేలమందికి పాకిపోతుందన్న ప్రచురణకర్తల భయం నాకు అర్థమవుతుంది. రచయితకు రూపాయి రాకపోతే ఇంకో పుస్తకం రాయడం కష్టమే. కానీ నాకిష్టమైన రచయితల్లో చాలామంది స్నేహితులు చేతికిచ్చిన పుస్తకాలతోనే పరిచయమయ్యారు. ఆ తర్వాత వాళ్లవి మిగతావన్నీ నేనే కొన్నాను. అరువుకి తలుపు మూసేస్తే ఇలాంటి పాఠకులు ఎలా పుడతారు?

నేను చేసేది చెప్తాను. ఈబుక్‌లు చదువుకునే నా పాత పరికరం, అంటే ఈరీడర్‌ని, అలాగే స్నేహితురాలి చేతికిచ్చేస్తాను. కాపీ ఏమీ తయారవదు, కాపీ చేయకుండా ఈబుక్‌కి వేసే డిజిటల్ లాక్ పగలగొట్టే పనీ లేదు. ఆమె గీతలు పెట్టిన వాక్యాలు తర్వాత నా ఫోన్‌లోనూ కనిపిస్తాయి. ఆమెకి ఏది నచ్చిందో చూడటం నాకు చాలా ఇష్టం. ఒకే ఇంట్లో ఉండేవాళ్లయితే ఫ్యామిలీ షేరింగ్ చూడండి. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు, అకౌంట్‌కేమైనా అయితే కొన్నవన్నీ పోతాయన్న టెన్షన్. టోర్ లాంటి ప్రచురణ సంస్థలు 2012 నుంచి లాక్ లేని ఈబుక్‌లు అమ్ముతున్నాయి. లాక్ లేదంటే అందరికీ పంచమని కాదు, కొన్నవాళ్లని నమ్మారని. అలాంటివాళ్ల దగ్గరే ముందు కొంటాను.

ఈరీడర్ ఇచ్చేముందు స్టోర్‌కి పిన్ పెట్టండి. లేకపోతే పొరపాటున ఒక్క ట్యాప్‌తో మీ కార్డు మీద కొనేసే వీలుంది.