ఎదురుగా కనిపించిందల్లా శీర్షాభిముఖ కోణం కాదు

మీరు చెప్పిన బొమ్మ నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఒక అడ్డగీత. దాన్ని ఖండిస్తూ కింద ఎడమ నుంచి పైన కుడికి పోయే ఒక వాలుగీత. ఆ రెండూ కలిసే బిందువు నుంచి పైకి ఒక కిరణం, అడ్డగీతకు లంబంగా. కిరణానికీ వాలుగీతకీ మధ్య 38° ఇచ్చారు. కింద ఎడమవైపు అడ్డగీతకీ వాలుగీతకీ మధ్య ఉన్న కోణం ఎంత అని ప్రశ్న. మీ బాబు 38° అన్నాడు, పుస్తకం వెనక జవాబు 52° ఉంది. పైగా ‘వర్టికల్ యాంగిల్స్ అంటారు, అవి నిలువుగా లేవేంటి?’ అని వాడి సందేహం.

రెండోది చిన్నదే, ముందు దాన్ని తేల్చేస్తాను. ఇక్కడ వర్టికల్ అన్న మాటకూ నిలువుకూ సంబంధం లేదు. అది వర్టెక్స్‌ను, అంటే గీతలు కలిసే బిందువైన శీర్షాన్ని బట్టి వచ్చిన పేరు. తెలుగులో శీర్షాభిముఖ కోణాలు అంటాం. నోరు తిరగదని పిల్లలు విసుక్కుంటారు గానీ, ఒకే శీర్షం దగ్గర ఎదురెదురుగా ఉన్నవి అని పేరే చెప్పేస్తోంది.

ఇక లెక్క. మీవాడు చేసిన తప్పే నేనూ ఒకసారి పరీక్షలో చేశాను. బొమ్మ అచ్చం ఇదే. కాకపోతే 38° చోట ‘ఎక్స్ + 10’, కింద ఎడమ కోణం చోట ‘3ఎక్స్ − 4’ ఉన్నాయి. ఒకటి పైన కుడివైపు, ఇంకోటి కింద ఎడమవైపు. ఎదురెదురుగా ఉన్నాయి కదా అని రెండూ సమానం అని రాసేశాను. ఎక్స్ విలువ 7, కోణాలు రెండూ 17° వచ్చాయి. భిన్నాలు లేకుండా పూర్ణసంఖ్య వచ్చిందంటే జవాబు కరెక్టేనని నాకప్పట్లో గట్టి నమ్మకం. సరిచూడను కూడా లేదు.

పేపర్ తిరిగొచ్చాక చూస్తే సున్నా మార్కులు. సార్ ఒక్క మాట కూడా రాయలేదు. ఆ నిలువు కిరణాన్ని మాత్రం ఎర్ర పెన్నుతో కిందికి చుక్కల గీతగా పొడిగించి వదిలేశారు. కాసేపు ఏమీ బుర్రకెక్కలేదు. తర్వాత తట్టింది. ఆ చుక్కల గీత పడ్డాకే నా ‘ఎక్స్ + 10’కి ఎదురు కోణమంటూ ఒకటి ఏర్పడింది. అది కింద, చుక్కల గీతకీ వాలుగీతకీ మధ్య ఉంది. నేను సమానం చేసిందేమో దాని పక్కదాన్ని!

అప్పటి నుంచి నేను వేలితో చూసుకుంటాను, మా అమ్మాయికీ అదే నేర్పాను. కోణానికి రెండు భుజాలుంటాయి. ఒక్కో భుజం మీద వేలు పెట్టి శీర్షం దాకా వచ్చి, తిన్నగా అవతలికి పోవాలి. రెండు భుజాలూ అవతల కొనసాగితేనే దానికి శీర్షాభిముఖ కోణం ఉన్నట్టు. మీ బొమ్మలో 38° కోణానికి ఒక భుజం వాలుగీత, అది అవతలికి పోతుంది. రెండోది కిరణం, శీర్షం దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఆ బొమ్మలో 38°కి ఎదురు కోణమే లేదు.

మరి 38° దేనికి పనికొస్తుంది? దాని పక్క కోణానికి. కిరణం అడ్డగీతకు లంబం కాబట్టి, కిరణం నుంచి అడ్డగీత కుడి భాగం దాకా 90°. అందులో 38° పోతే 52°. ఈ రెండూ పూరక కోణాలు, అంటే కలిపితే 90° అయ్యేవి. ఇప్పుడు ఆ 52° మీద వేలు పెట్టండి. వాలుగీత అవతలికి పోతుంది, అడ్డగీత కూడా పోతుంది. అవి చేరేది సరిగ్గా మీకు కావలసిన కింద ఎడమ కోణానికే. అదీ 52°. చిక్కల్లా ప్రశ్నలో ఎవరూ అడగని ఆ మధ్య కోణంతోనే. అక్కడ ఆగకుండా పై కోణం నుంచి కింది కోణానికి దూకితే దెబ్బతింటాం.

నా పాత లెక్క కూడా అంతే. పై కోణం, కింద ఎడమ కోణం కలిపితే 90° రావాలి. 4ఎక్స్ + 6 = 90, ఎక్స్ = 21, కోణాలు 31°, 59°. పూరక కోణాలు పక్కపక్కనే ఉండాలన్న నియమం లేదని నాకు అప్పుడే తెలిసింది. మొత్తం 90° అయితే చాలు. ఒక్క జాగ్రత్త: బొమ్మలో చిన్న చతురస్రం గుర్తు గానీ, ప్రశ్నలో లంబం అన్న మాట గానీ ఉంటేనే 90° తీసుకోవాలి. చూడ్డానికి నిటారుగా ఉందని అనేసుకోకూడదు.

పూరక, సంపూరక తారుమారైతే నాది ఒక మోటు గుర్తు. సంపూరకలో ‘సం’ ఎక్కువ, కాబట్టి మొత్తమూ ఎక్కువ: 180°. వ్యాకరణం మాస్టారు ఒప్పుకోకపోవచ్చు గానీ పరీక్షలో పనిచేస్తుంది.

ఎదురు కోణాలు సమానం అని బట్టీ పట్టించకండి, కారణం రెండు వాక్యాలే. కుడివైపు 52°కి అడ్డగీత మీద జత (దానితో కలిసి 180° అయ్యే పక్క కోణం) 180 − 52, అంటే 128°. అదే 128° వాలుగీత మీద కింద ఎడమ కోణానికీ జత, కాబట్టి అదీ 52° కాక తప్పదు. క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ ఇచ్చిన నిరూపణా ఇదే దారి. సరిచూసుకోవడానికీ ఆ 128° పనికొస్తుంది: ఎడమవైపు లంబకోణానికి 38 కలిపినా 128 వస్తోంది కదా.

మీవాడి చేత ఆ కిరణాన్ని కిందికి పొడిగించి, ఏర్పడిన ఆరు కోణాలూ వరసగా రాయించండి. నిలువు గీత దగ్గర మొదలుపెట్టి కుడివైపుగా తిరిగితే 38, 52, 90, మళ్లీ 38, 52, 90. మొత్తం 360 రావాలి.