బయట కుర్చీలు పెరిగాయి, లోపల పొయ్యిలు పెరగలేదు

మీ ప్రశ్న ఇది: నీటి ఒడ్డున ఉన్న ఓ మామూలు రెస్టారెంట్‌కి సరదాగా వెళ్తే ఆలస్యం, చల్లారిన తిండి, విసుక్కునే వెయిటర్, పైగా బిల్లులో తప్పులు. ఇలా మాకేనా, అందరికీనా? తప్పు ఎవరిది?

మాకూ జరిగిందండి. ఆ రాత్రి ఇంటికొచ్చి ఫోన్లో పెద్ద రివ్యూ రాసి, వెయిటర్ని దులిపేశాను. అది చదివి నవ్వినవాడు నా స్నేహితుడు. వాడు అలాంటి చోటే ఒక సీజనంతా వంటగదిలో పనిచేశాడు. "నువ్వు తిట్టాల్సింది వాణ్ణి కాదురా" అని మొదలుపెట్టి వాడు చెప్పిన సంగతులు విన్నాక నా కోపం పోలేదు గానీ, వేరే వైపు తిరిగింది. ముందు మా కథ చెప్తాను.

అమ్మ పుట్టినరోజు. సూర్యాస్తమయం చూస్తూ తినొచ్చని నీళ్ల పక్క టేబుల్ కోసం ముందే ఫోన్ చేసి బుక్ చేశాను. తీరా వెళ్తే, "బుకింగ్ ఉంది సార్, నీళ్ల పక్కన అని మాత్రం రాసి లేదు" అన్నారు. స్తంభం వెనక టేబుల్ ఇచ్చారు. పాప కుర్చీ ఎక్కి నిలబడితే దానికి నీళ్లు కనిపించాయి. మాకు పక్క టేబుల్ వాళ్ల వీపులు కనిపించాయి. మెనూ రావడానికి ఇరవై నిమిషాలు, ఆర్డర్ తీసుకోవడానికి ఇంకో పావుగంట. ఆ తర్వాత ఎవరూ మా వైపు చూడలేదు. సూర్యుడు మాత్రం టైముకి అస్తమించాడు.

దాదాపు గంటకి తిండి వచ్చింది. ముందు రావాల్సినవీ తర్వాత రావాల్సినవీ ఒకేసారి టేబుల్ మీద పడ్డాయి, పాపకి చెప్పింది తప్ప. ఆకలేసిన ఆరేళ్ల పిల్ల ముందు పెద్దవాళ్లు ఎలా తింటారు? దానికి మా ప్లేట్లలోంచి తలా కాస్త పెడుతూ కూర్చున్నాం. ఈలోపు గాలికి టిష్యూలు ఎగిరిపోయాయి, ఫింగర్ చిప్స్ మెత్తబడి వేలాడుతున్నాయి. బోర్డు మీద సుద్దతో "ఈ రోజు చేప" అని రాసి ఉంటే అమ్మకి అది చెప్పాం. అంచులు పొగలు కక్కుతున్నాయి, మధ్యలో చూస్తే ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా ఉంది. వెయిటర్ని పిలిచి చూపిస్తే అతను ఏమాత్రం తడుముకోకుండా, "తాజా చేప కదా సార్, అలాగే ఉంటుంది" అన్నాడు. అమ్మ ఫోర్కు కింద పెట్టి, "అవును, ఇప్పుడే నీళ్లలోంచి ప్లేట్లోకి దూకినట్టుంది" అంది. పుట్టినరోజు మొత్తానికి మేం మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

బిల్లులో మాకు రాని కూల్‌డ్రింక్ ఒకటి ఉంది. చేప ధర మేం అనుకున్నదానికి రెట్టింపు. అడిగితే బోర్డు కింద మూల చూపించారు. చీమ తలంత అక్షరాల్లో "ధర బరువును బట్టి" అని ఉంది. కూల్‌డ్రింక్ తీసేశారు, చేప తీయలేదు. చేప సంగతి అప్పుడే గట్టిగా నిలదీయాల్సింది. అమ్మ ముందు గొడవెందుకని ఊరుకున్నాను.

ఇప్పుడు నా స్నేహితుడి లెక్క. అలాంటి చోట వంటగది ఎప్పుడో లోపలి టేబుళ్లకు సరిపడా కట్టి ఉంటుంది. ఎండ బాగుండే రోజులు రాగానే బయట కుర్చీలు వేస్తారు. కుర్చీలు వేయడం తేలిక, ఒక్క ఉదయం పని. పొయ్యి, పొగగొట్టం, ఫ్రిజ్, వంటవాడు నిలబడే చోటు అలా పెరగవు. పైగా ఒడ్డున వచ్చే జనానికి ఒక గుణం ఉంది, అందరూ ఒకే సమయానికి వస్తారు. ఊళ్లో హోటల్‌కి ఏడు నుంచి పది దాకా విడివిడిగా వస్తారు. ఇక్కడ సూర్యాస్తమయానికి అరగంట ముందు అందరూ దిగుతారు. వంటగది గంటకి నలభై ప్లేట్లు తీయగలదనుకోండి. ముప్పై టేబుళ్లు, టేబుల్‌కి నలుగురు, అంటే నూట ఇరవై ప్లేట్లు. చివరి టేబుల్‌కి తిండి వెళ్లేసరికి మూడు గంటలు కావాలి. వంటవాళ్లు ఎంత చేయి తిరిగినవాళ్లయినా ఈ లెక్క మారదు. అప్పుడు ఏం చేస్తారు? ముందే సగం వండి పెట్టుకుంటారు, నూనె సరిగ్గా కాగకముందే చిప్స్ వేస్తారు, ఫ్రీజర్లోంచి తీసి, మంచు సరిగా కరగని చేపని పెనం మీద పడేస్తారు. మా అమ్మ ప్లేట్లోకి వచ్చింది అదే.

ఆ చేప గురించి ఒక్క మాట గట్టిగా చెప్తాను, ఎందుకంటే ఇది రుచి విషయం కాదు. చేప లోపల, అంటే మధ్యలో, 63 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలన్నది ఆహార భద్రతలో చెప్పే మామూలు కొలత. థర్మామీటర్ మన జేబులో ఉండదు గనక కంటితో చూడటమే. ఉడికిన చేప గాజులా మెరవడం మానేసి పాలిపోయి, ఫోర్కు తగిలిస్తే పొరలుగా విడిపోతుంది. అలా కాకపోతే వెనక్కి పంపాల్సిందే, మొహమాటం వద్దు. ఇంకోటి. ట్యూనా లాంటి చేపని వేడిలో వదిలేస్తే అందులో హిస్టమిన్ అనే, అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే పదార్థం పుడుతుంది. తర్వాత ఎంత ఉడికించినా, ఫ్రీజర్లో పెట్టినా అది పోదు. తింటుంటే నాలుక మీద మిరియం తగిలినట్టు చురుక్కుమన్నా, కాసేపటికి మొహం ఎర్రబడి తలనొప్పి, దురద మొదలైనా, ఆపేయండి. ఊపిరి కష్టమైతే ఆలోచించకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. రివ్యూ తర్వాత రాసుకోవచ్చు.

"ఈ రోజు చేప" అన్న బోర్డు మీద కూడా నాకున్న భ్రమ పోయింది. ఎదురుగా నీళ్లు కనిపిస్తాయి గనక చేప ఆ నీళ్లలోదే అని మన మనసు తనంతట తనే అనుకుంటుంది. ఆ మాట వాళ్లు చెప్పరు, మనమే కలుపుకుంటాం. చాలా చోట్ల చేప వచ్చేది హోల్‌సేల్ మార్కెట్ నుంచి లారీలో, ఊరి మధ్య హోటల్‌కి వచ్చినట్టే. సముద్రాల రక్షణకి పనిచేసే ఓషియానా అనే సంస్థ అమెరికాలో 1,215 నమూనాలకు డీఎన్ఏ పరీక్ష చేయించి 2013లో ఫలితాలు బయటపెట్టింది. మూడింట ఒక వంతు చేపలు చెప్పిన పేరువి కావు. ఫ్రీజర్ చేప అంటే చిన్నచూపు కూడా అక్కర్లేదు. పట్టిన వెంటనే పడవలోనే గడ్డకట్టించి మైనస్ 18 డిగ్రీల్లో ఉంచినది, మంచు మీద నాలుగు రోజులు పడి ఉన్న "తాజా" చేప కన్నా చాలాసార్లు మేలు. అబద్ధం చెప్పడమే తప్పు, ఫ్రీజర్ తప్పు కాదు. నేనిప్పుడు అడిగేది ఒకటే: "ఈ చేప ఏ రోజు వచ్చింది, ఎక్కడినుంచి?" వెంటనే సమాధానం వస్తే తీసుకుంటాను. "అడిగి చెప్తాను సార్" అన్నా పరవాలేదు, నిజంగా అడిగి వస్తే. నవ్వేసి "ఫ్రెష్ సార్" అంటే మాత్రం ఇంకేదైనా చెప్తాను.

చల్లారిపోవడంలో కొంత పాపం గాలిది. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది, నీళ్లు నెమ్మదిగా. నేల మీది గాలి పైకి లేస్తే ఆ ఖాళీలోకి నీళ్ల మీది చల్లగాలి వస్తుంది. మధ్యాహ్నం తర్వాత అది జోరందుకుని, సాయంత్రం కూడా వీస్తుంటుంది. మన ఒంటికి హాయిగా ఉండే ఆ గాలే ప్లేట్లోని వేడిని లాక్కుపోతుంది. వంటగది నుంచి బయటి టేబుల్‌దాకా నడక కూడా కలిస్తే, వేపుడు ఏదైనా చేతికి వచ్చేసరికి దాని బతుకు అయిపోయినట్టే. అందుకే ఒడ్డున కూర్చుంటే గిన్నెలో, మూతతో వచ్చేదే చెప్తాను. పలచటి ప్లేట్లో పరిచి తెచ్చేది ఇంట్లో తింటాను. చూడటానికి చిన్న విషయం, మా ఇంట్లో మాత్రం సగం గొణుగుడు దీంతోనే తగ్గింది.

మరి వెయిటర్? అతని అబద్ధాన్ని నేను సమర్థించను. కానీ స్నేహితుడు ఒకటి అడిగాడు: "ఆ రోజు నీ వైపు ఎంతమంది వెయిటర్లున్నారో చూశావా?" చూడలేదు. గుర్తు చేసుకుంటే ఒక్కడే. పన్నెండు టేబుళ్లు. అందరూ "తిండి ఎప్పుడొస్తుంది" అనే అడుగుతారు, అతని దగ్గర సమాధానం ఉండదు, అందుకే కళ్లు కలపకుండా పక్కనుంచి వెళ్లిపోతాడు. మనకది పొగరులా కనిపిస్తుంది. నా రివ్యూలో వెయిటర్ గురించి రాసిన రెండు పేరాలు తీసేశాను. చేప సంగతి, బిల్లు సంగతి, కుర్చీల సంగతి ఉంచాను, తేదీ వేసి, ఫొటో పెట్టి.

క్యూలో నిలబడే మనుషుల మనస్తత్వం గురించి డేవిడ్ మైస్టర్ అనే వ్యాపార నిపుణుడు 1985లో ఒక వ్యాసం రాశాడు. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, కారణం చెప్పని ఎదురుచూపు ఉన్నదానికన్నా పొడుగ్గా అనిపిస్తాయని అందులో అంటాడు. కొన్ని నెలల తర్వాత ఇంకో ఒడ్డున, ఇంకో రెస్టారెంట్‌లో నాకది అనుభవంలోకి వచ్చింది. అక్కడా బాగా రద్దీ. కూర్చోగానే ఓ అమ్మాయి వచ్చి, "గంట పైనే పడుతుంది సార్, ముందే చెప్తున్నా. పాపకి మాత్రం పది నిమిషాల్లో ఏదైనా తెచ్చిపెట్టగలను. ఉంటారా?" అంది. ఉన్నాం. ఆర్డర్ ఇచ్చాక గంటా పదిహేను నిమిషాలు పట్టింది, మొదటిచోట కన్నా ఎక్కువే. వంట కూడా అంతంతమాత్రం. ఆ రాత్రి కారులో ఎవరూ విసుక్కోలేదు. పాపకి తిండి ముందు రావడం ఒక కారణం, మాకు విషయం తెలియడం ఇంకో కారణం. ఆ అమ్మాయి చేతిలోనూ అవే పొయ్యిలు, అవే కుర్చీలు. ఆ మాట చెప్పడానికి ఆమెకి అర నిమిషం కూడా పట్టలేదు.

మీరు మళ్లీ వెళ్లేట్టయితే, కూర్చునే ముందే వంటగదికి ఎంతసేపు పడుతోందో అడగండి. టేబుల్ ఎక్కడన్నది ఫోన్లో కాకుండా మెసేజ్‌లో రాయించుకోండి. బరువును బట్టి ధర అంటే, వండకముందు తూచి ఎంతవుతుందో చెప్పమనండి. ఉడికేటప్పుడు నీరు పోయి చేప తగ్గుతుంది గనక ప్లేట్లోకి వచ్చాక ఆ బరువు మీకు కనిపించదు, వాదించలేరు. ఏదైనా బాగాలేకపోతే రెండు ముద్దలకే చెప్పండి. సగం తిన్నాక చెప్తే ఎవరూ నమ్మరు, మనమైనా నమ్మం. వెయిటర్‌తో కాకపోతే మేనేజర్ని పిలిపించి, ఏం కావాలో సూటిగా అడగండి: మార్చి ఇవ్వమనా, బిల్లులోంచి తీసేయమనా. "ఇదేంటండీ ఇలా ఉంది" అని ఊరుకుంటే వాళ్లు "సారీ సార్" అని ఊరుకుంటారు.

పక్షుల మాట మర్చిపోయాను. సముద్రం పక్కనైతే సీగల్స్ ప్లేట్లోంచి లాక్కుపోతాయి. దానికి రెస్టారెంట్‌ని తిట్టి లాభం లేదు. బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ వాళ్లు 2019లో ప్రయోగం చేసి చూశారు, మనిషి కళ్లార్పకుండా చూస్తుంటే అవి తిండి దగ్గరికి రావడానికి సగటున 21 సెకన్లు ఎక్కువ తీసుకున్నాయట. మా పాపకి ఇది చెప్పాక భోజనం మానేసి వాటినే గుడ్లురిమి చూస్తూ కూర్చుంది. చిప్స్ దక్కాయి, చల్లారాయి.

మూడోసారి ఆ మొదటిచోటికే మధ్యాహ్నం నాలుగింటికి వెళ్లాం. ఖాళీ. నీళ్ల పక్క టేబుల్ అడక్కుండానే ఇచ్చారు, అన్నీ వేడిగా వచ్చాయి. బిల్లు కట్టేసి, ఒడ్డున గట్టు మీద కూర్చుని సూర్యాస్తమయం చూశాం. మా వెనక రెస్టారెంట్ నిండుతోంది, స్తంభం వెనక టేబుల్‌కి ఎవరో కుటుంబం వచ్చి కూర్చుంది. అమ్మ వెనక్కి తిరిగి వాళ్లని కాసేపు చూసింది. "చేప చెప్పొద్దని చెప్పి రారా" అంది. నేను లేవలేదు. ఈసారి పుట్టినరోజుకి ఎక్కడికి వెళ్దామని మొన్న అడిగితే, "ఆ ఒడ్డుకే వెళ్దాం, ఇంట్లో తినేసి" అంది.