తుఫాను డబ్బాలో అటుకులు ముక్కిపోతున్నాయి

ప్రశ్న: మాది విశాఖ. 2014లో హుద్‌హుద్ తుఫాను అప్పుడు రోజుల తరబడి కరెంటు లేక చాలా ఇబ్బందిపడ్డాం, అప్పట్నుంచి అక్టోబర్ వస్తోందంటే అటుకులు, కందిపప్పు దాచుకుంటున్నా, ఈసారి డబ్బా తీస్తే అటుకులు ముక్క వాసన, పప్పు నిండా పురుగు. ఏం చేయాలండీ?

జవాబు: ఎండబెట్టి వేడిమీదే మూత పెట్టేసుంటారమ్మా, చాలా ఇళ్లలో ఇక్కడే పాడవుతాయి, ఆ వేడికి లోపల చెమ్మ పడుతుంది. పూర్తిగా చల్లారాక తడి లేని స్టీలు డబ్బాలో గాలి చొరకుండా బిగించి పీట మీద పెట్టండి, నేలమీద వద్దు. పప్పుని చిన్న చిన్న డబ్బాల్లో విడిగా పోస్తే ఒకదాన్లో పురుగుపడ్డా మిగతావి దక్కుతాయి. బూజు పట్టినవి కడిగి వండొద్దు, ప్లీజ్, పారేయండి. అటుకులే ఎక్కువ ఉంచుకోండి, పొయ్యి వెలగకపోయినా మంచినీళ్లుంటే నానబెట్టి పిల్లలకి పెట్టొచ్చు. డబ్బా మీద తేదీ రాసి, తుఫాను రాకపోయినా పాతవి ముందు వాడేసి కొత్తవి నింపుతుండండి.